పెద్దరాములు యుద్ధానికి పోలేదు

ఇంతకీ ఆ చీటీ మీద నా చెయ్యి ఎందుకలా రాసిందో ఇప్పటికీ తేలలేదు. భయంతో రాసిందనుకుంటే, భయానికి ఉండాల్సిన తెలివి అందులో లేదు. అలవాటుతో రాసిందనుకుంటే, అలవాటు కన్నతండ్రిని అంత తేలిగ్గా పక్కకు నెట్టేస్తుందా? లేక నాలో ఎవరో దొరికిపోవాలనే ఎదురుచూస్తున్నాడా? ఈ ఏటి ఎండాకాలమంతా ఈ మూడింటి మధ్య తిరిగాను. స్కూటరు మీదా తిరిగాను, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా, అక్కడ పనేమీ లేకుండా, మళ్లీ వెనక్కి. బడికి సెలవులు. సెలవుల్లో బడిపంతులంత పనికిరాని మనిషి ఇంకొకడుండడు.

మొదలైంది మాత్రం గుంతతో.

మే మొదటి వారం. సరిహద్దులో యుద్ధమని టీవీలు అరుస్తున్నాయి. హైదరాబాద్‌లో సైరన్ మోగించి జనానికి అలవాటు చేస్తున్నారని చూపించారు. ఆ సైరన్ చెవిన పడగానే మా బాపు మంచం మీంచి లేచి బయటికి నడిచాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, బాత్‌రూముకేమో అనుకున్నాను. కాసేపటికి వాకిట్లో పార మట్టిలోకి దిగుతున్న చప్పుడు.

మాది నూట ఇరవై గజాల ఇల్లు. ముందు గదిలో ఒడిశా వాళ్లు నలుగురు కిరాయికి ఉంటారు. పాశమైలారంలో ఇనుము కరిగించే కంపెనీలో పని. ఆ గదికీ ప్రహరీ గోడకీ మధ్య మిగిలిన ఇరుకు జాగాలో బాపు మోకాలి లోతు తవ్వేశాడు. తిన్నగా కాదు, మధ్యలో ఓ మెలిక తిప్పి.

"దాదా, క్యా బనా రహే హో?" షిఫ్టు దిగి వస్తున్న ఒడిశా అతను అడిగాడు.

"మోర్చా," అన్నాడు బాపు తలెత్తకుండా. "విమాన్ ఆయా తో ఇస్ మే లేట్ జానా. సీధా నై ఖోద్‌నా. సీధా ఖోదే తో ఏక్ గోలీ సబ్ కో."

విమానం వస్తే అందులో పడుకోవాలట, తిన్నగా తవ్వితే ఒక్క గుండుకే అందరూ పోతారట. అతనూ, వెనకే వస్తున్న మిగతావాళ్లూ పగలబడి నవ్వారు. నవ్వి, టిఫిన్ డబ్బా గోడ మీద పెట్టి, అతను రెండో పార అందుకున్నాడు.

"బాపూ, పక్కింటోళ్లు జూస్తున్నరు. బంజెయ్," అన్నాను.

"సూడనీ. ఆళ్లింట్ల గూడ తవ్వుకొమ్మను."

"పటాన్‌చెరు మీదికి విమానం ఎందుకొస్తదే?"

బాపు నడుము నిటారు చేసి, పారతో నాలుగు దిక్కులా పొగగొట్టాలు చూపించాడు. "గివన్ని ఏందియి? ముందుగాల గివ్వే గదా కొట్టేది. పిలగాండ్లకు పాఠాలు జెప్తవ్, గింత సమజ్ గాదు నీకు."

డెబ్భై ఒకటి యుద్ధంలో బాపు పయనీర్ కంపెనీలో సిపాయి. తుపాకీ కంటే పార ఎక్కువ పట్టిన దళం. తూర్పు సరిహద్దు చిత్తడిలో ఫిరంగి బండ్లకు తోవ వేయడం, తోవ తెగితే మళ్లీ వేయడం, మోయాల్సినవన్నీ మోయడం. "నువ్వేం యుద్ధం జేసినవ్ తియ్యి, మట్టి తవ్వినవ్" అని ఎవరైనా ఎకసెక్కమాడితే నొచ్చుకోడు. "తోవ లేంది తోపు ఏం జేస్తదిరా? ఇంట్ల పండుకుంటది" అంటాడు.

నాలుగు రోజులకు యుద్ధం ఆగింది. గుంత మాత్రం పూడ్చనివ్వలేదు.

ఇక్కడ మా పేర్ల సంగతి చెప్పాలి. బాపు పేరు ఏలీయా. ఊరికి పెద్దరాములు. ఆయన కడుపులో ఉండగానే మా నానమ్మ బాప్తిస్మం తీసుకుంది, ఊరు మాత్రం తన అలవాటు ప్రకారమే పిలిచింది. సైన్యంలో చేరబోయినప్పుడు బాపుకు బడి కాగితం లేదు. చర్చిలో ఇచ్చిన బాప్తిస్మపు కాగితమే వయసుకు రుజువు. కాబట్టి సైన్యం పుస్తకంలో ఆయన ఏలీయా, మతం క్రైస్తవం. నన్ను బడిలో వేసిననాడు ఊరి పంతులు ఎవర్నీ అడక్కుండానే తండ్రి పేరు పెద్దరాములని రాశాడు. చార్లీనైన నేను కుమార్‌నయ్యాను. ఆ కాగితం మీద ఎస్సీ సర్టిఫికెట్, దాని మీద టీచరు ఉద్యోగం. క్రైస్తవులమని కాగితం మీద ఒప్పుకుంటే మేం ఎస్సీలం కాదు, బీసీ-సీలం. ఊరి చివర మా ఇల్లు అక్కడే ఉంటుంది. మమ్మల్ని పిలిచే పిలుపూ అదే ఉంటుంది. మారేది సర్టిఫికెట్ ఒక్కటే.

అందుకే బాపు సైన్యం పుస్తకాన్ని నేను బయటికి రానివ్వలేదు. యుద్ధంలో పనిచేసిన వాళ్లకు సంగారెడ్డి ఆఫీసులో ఏదో సాయం ఇస్తున్నారని విని బాపు ఆశపడ్డప్పుడు కూడా వద్దన్నాను. "మంచిది" అన్నాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

పోయినేడు రాజారావు మీద విచారణ మొదలైంది. నాతో పాటు ఉద్యోగంలో చేరినవాడు, ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. కూతురి పెళ్లి చర్చిలో చేశాడు. ఆ ఫోటో కలెక్టరాఫీసుకు ఎవరు పంపారో తెలియదు. సస్పెండయ్యాడు.

ఈ ఏడు మా అమ్మాయి నిస్సీ ఎంసెట్ రాసింది. కాగితాల మీద తను హర్షిణి. ఎస్సీ కోటాలో అయితే మంచి కాలేజీలో కంప్యూటర్ సీటు వచ్చే ర్యాంకు. జూన్ చివర్లో సర్టిఫికెట్లు చూస్తారు.

మే నెలలో మా చర్చిల్లో పాస్టర్లకు, మేం అయ్యగార్లంటాం, బదిలీలు. పాత అయ్యగారు వెళ్లి కొత్తాయన వచ్చారు. సంఘంలో ఎవరికి ఎన్ని పేర్లో ఆయనకు తెలియదు. వచ్చిన రెండో ఆదివారమే, ఆరాధన ముగిశాక ప్రకటించారు.

"మన సంఘం నుంచి యుద్ధాలకు వెళ్లిన వాళ్లున్నారు. వాళ్ల పేర్లు మన పిల్లలకే తెలియవు. మనం ఈ దేశానికి ఏం చేశామని అడిగేవాళ్లు ఎక్కువైన రోజులివి. మాటతో జవాబు వద్దు. గోడకు ఒక రాయి పెడదాం. జూన్ ఆఖరి ఆదివారం. పత్రికల వాళ్లను పిలుద్దాం. కుటుంబాలన్నీ రాయి పక్కన నిలబడాలి."

బాపు మొదటి వరసలో ఉన్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూస్తాడనుకున్నాను. చూడలేదు. మెడ మాత్రం నిటారుగా అయింది.

బయట మెట్ల దగ్గర అయ్యగారు నాకు చీటీ, పెన్ను ఇచ్చారు. "బ్రదర్, మీ ఫాదర్ ఆర్మీలో చేశారట కదా, రాయండి." చుట్టూ జనం. ఎవరో ఫోనెత్తి ఫోటో తీస్తున్నారు. చీటీని అరచేతిలో పెట్టుకుని రాసిచ్చాను: పి. పెద్దరాములు, పయనీర్ కంపెనీ, 1971.

ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుండగా చెయ్యి ఆగింది. సర్టిఫికెట్లో ఉన్న పేరును తీసుకెళ్లి చర్చి గోడకు ఎక్కించాను. దాక్కునేవాడు చేసే పనేనా అది? రాజారావుది ఫోటో. నాది రాయి.

వనజకు చెప్పాను. నా భార్య మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. రోజంతా సీసాల మీద పేర్లు సరిచూడటమే ఆమె పని.

"సారువు నువ్వు," అంది నెత్తిన చెయ్యి పెట్టుకుని. "పదో తరగతి పిలగాండ్లకు ఫారాలు నింపుడు నేర్పుతవ్. కన్నతండ్రి పేరు రాయమంటే గిట్లా రాసేది?"

"చెయ్యి రాసింది, నేను రాయలే."

"చెయ్యి నీది గాదా? పో, పోయి తీసెయ్‌మను. గా పేరొద్దు, గీ పేరొద్దు. మామకు నేను జెప్త."

"ఏం జెప్తవ్?"

"గిన్నేండ్లు లేని బండ ఇప్పుడెందుకు మామా అంట. అర్థం జేస్కుంటడు. నీ లెక్క గాదు ఆయన."

నిస్సీ గోడకానుకుని వింటోంది. "మీరు నా గురించి భయపడుతున్నరా, మీ గురించా? అది జెప్పుండ్రి ముందు."

"నీ సీటు గురించే," అన్నాను.

"నా సీటు గురించి నన్ను ఒక్కసారన్న అడిగిండ్రా? బీసీ-సీ ల వచ్చే కాలేజీల కంప్యూటర్లుండయా? పెద్ద కాలేజీ గాకపోతే చిన్నది. గంతే గదా డాడీ."

"నీకు గంతే," అంది వనజ. "మీ డాడీ నౌకరి పోతే?"

నిస్సీ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

తీయిస్తానన్నాను గానీ తీయించలేదు. అయ్యగారింటి దాకా రెండుసార్లు వెళ్లి, గేటు ముందు బండి ఆపి, ఆయన కాఫీ తాగుతూ కిటికీలో కనిపిస్తే తిప్పుకుని వచ్చేశాను. ఏమని చెప్పాలి? మా నాన్న యుద్ధానికి వెళ్లలేదనా? వెళ్లాడు గానీ ఆయన మా నాన్న కాదనా? మిట్టమధ్యాహ్నం రహదారి మీద ఎండ మరుగుతుంటే, కంపెనీల వైపు నుంచి వచ్చే ఆ పుల్లటి వాసనలో, బీరంగూడ కమాను దగ్గర ఎవరి కోసమో ఆగినట్టు ఆగేవాణ్ని. ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఒక రోజు సంగారెడ్డి బస్టాండు ముందు రాజారావు కనిపించాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో కాగితాలు. అంతకు ముందు రెండుసార్లు కనిపించాడు గానీ, హెల్మెట్ ఉంది కదా అని ఆగకుండా పోయాను. ఈసారి ఆపాను. హెల్మెట్ పట్టీ విప్పబోతుంటే అతనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్ కుమార్. నాతోని మాట్లాడినట్టు కనవడ్డవనుకో, రేపు నీ ఫోటో గూడ పోతది."

అద్దం వెనక నుంచే అడిగాను. "రాజన్నా, మళ్ల అదే రోజొస్తే పెండ్లి యాడ జేస్తవ్?"

"గక్కడ్నే జేస్త. బిడ్డ అడిగింది గద." సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఫోటో తీసెటోన్ని మాత్రం జెర దూరంకెల్లి తీయమంట." నవ్వాడు. ముందు పన్ను ఒకటి ఊడిపోయి ఉంది. అది ఎప్పుడు ఊడిందో నాకు తెలియదు. ఏడాదిగా నేనతని ముఖం చూడలేదు.

బళ్లు తెరవడానికి రెండు రోజుల ముందు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సారూ, నేను బండలు చెక్కే శ్రీశైలం. అయ్యగారు మీ నంబరిచ్చిండు. పేర్లు బండ మీద పెన్సిల్‌తోని రాసిన. ఒకపారి అచ్చి సూస్కోండ్రి. ఉలి వడ్డంక దేవుడు దిగొచ్చినా మారయి."

పక్కనే కూర్చున్న బాపు ఫోన్‌లో మాట విన్నాడు. లేచి, కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. "నేనొస్త."

"ఎండ ఉన్నది బాపూ."

"ఎండ ఎవలికి లేదు?"

శ్రీశైలం కొట్టు పెద్ద రోడ్డు పక్కనే, లారీల దుమ్ములో. రేకుల కింద రాళ్లు గోడకానించి నిలబెట్టి ఉన్నాయి. కంపెనీ ప్రారంభోత్సవాలవి, గుడి దాతలవి, సమాధులవి. శ్రీశైలం మా ముందు రెండు స్టూళ్లు వేశాడు. "సచ్చినోళ్లు, గెలిసినోళ్లు. గీ ఇద్దరే సార్ నా గిరాకి. మీలెక్క బతికున్నోళ్లు రాయించుకునుడు తక్కువ తాతా," అన్నాడు బాపుతో.

బాపు స్టూలు మీద కూర్చోలేదు. నల్లరాయి మీద తెల్లని పెన్సిలు గీతల్లో అయిదు పేర్లు. వేలితో తాకకుండా, ఒక్కో పేరు కిందుగా వేలు జరుపుకుంటూ చదివాడు. నాలుగో పేరు దగ్గర వేలు ఆగింది. మళ్లీ మొదటి పేరు నుంచి చదివాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"గీయన ఎవలు?" అన్నాడు.

శ్రీశైలం నా ముఖం చూశాడు. "నువ్వు గాదా తాతా? సారు రాసిచ్చిండంట."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. ఆ మోత తగ్గేదాకా బాపు ఆగాడు.

"పెద్దరాములు యుద్ధానికి పోలే," అన్నాడు. కోపంగా కాదు. బస్సు నంబరు తప్పు చెప్పినవాడికి అసలుది చెప్పినట్టు. "పెద్దరాములు ఊర్ల బర్ల కాసిండు. పటేల్ బాయి తవ్విండు. ఆనికి బండ మీద పేరెందుకు? తుడిచెయ్."

నా వైపు తిరిగి, "చాయ్ తాగుదాం పా," అని రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూశాడు.

చాయ్ హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. "బాపూ, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"సాసర్ల పోస్కో. కాల్తది."

పోసుకున్నాను. బాపు తన చాయ్‌ని ఊదుకుంటూ, నాతో కాదన్నట్టు, రోడ్డు మీదికి చూస్తూ చెప్పుకొచ్చాడు.

"ఒక మిజో ఆయన ఉండె, అస్సాం దిక్కు కొండలోడు, మన లెక్కనే కిరస్తానం. మా కంపెనీ గాదు, ఏరే పల్టన్. మేమేసిన తోవ మీదనే షెల్లు వడి సచ్చిండు. పాద్రి లేడు. హవల్దార్ అచ్చి అడిగిండు, ఈయన దేవుని మనిషి మీలో ఎవడన్నా ఉన్నడా అని. నేను చెయ్యి లేపిన. గుంత నేనే తవ్విన. ప్రభువు నేర్పిన ప్రార్థన జెప్పిన, తెలుగుల. మాది తెలుగు, ఆయనది మిజో. ఆయనకేం సమజైతది? అయినా మొత్తం జెప్పిన. మధ్యల ఇడిసిపెట్టలే." చాయ్ ఒక గుక్క తాగాడు. "ప్రార్థన ఎవలు జెప్పిండ్రో కాగితం మీద రాయమన్నరు. నాకప్పటికి సదువు రాదు, పేరొక్కటే వచ్చు. ఏలీయా అని రాసిన. గా కాగితం ఆయన తల్లికి పోయిందో లేదో."

నలభై ఎనిమిదేళ్లుగా ఆయన కొడుకుని. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పలేదా, లేక చెప్పబోయినప్పుడల్లా సైన్యం మాట వద్దని నేనే నోరు మూయించానా?

బాపు సాసరు బోర్లించాడు. "నీ నౌకరి మీదికి తెచ్చుకోకు కొడుకా. కాలీ ఉంటే ఉండనీ. నాకేం గాదు." లేచి, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. స్కూటరు మీద వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఆ పట్టు బిగుసుకోలేదు, వదులూ కాలేదు.

రెండు రోజుల తర్వాత బడి తెరిచే ఉదయం, గంట ముందే ఇంట్లోంచి బయల్దేరాను. "తీయిస్తున్నవు గదా?" అని గేటు దగ్గర వనజ అడిగింది. "ఆ," అన్నాను. నిజంగానే తీయించడానికే వెళ్లాను. బాపే వద్దన్నాడు. వనజ వద్దంది. నేనిక ఆలోచించాల్సిందేమీ లేదు. మనసు తేలికపడాలి. దారంతా ఎదురుచూశాను, పడలేదు.

శ్రీశైలం మొదటి మూడు పేర్లు చెక్కేశాడు, నాలుగోది నేను చెప్పేదాకా తుడవకుండా ఆపాడు. రాయి మీద తెల్లటి పొడి పరుచుకుని ఉంది.

"నాలుగోది తీసెయ్," అన్నాను.

"గంతేనా సారూ?" తడిగుడ్డ తెచ్చి ఒక్కసారి అటూ ఇటూ రుద్దాడు. పెద్దరాములు పోయాడు. అంత తేలికని నేననుకోలేదు. రాయి ఆ మేర నల్లగా, తడిగా మెరిసింది.

"మద్దెల కాలీ మంచిగుండది," అన్నాడు శ్రీశైలం రాయిని దూరం నుంచి చూస్తూ. "అయిదో పేరును జెర మీదికి జరుపుత. అయిదుగురు గాదు, నలుగురే పోయిండ్రు అనుకుంటరు. ఎవలికెర్క? కూసోండ్రి సార్, రెండు నిమిషాలు."

కూర్చోలేకపోయాను. కొట్టు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. రాజారావు సంచి గుర్తొచ్చింది. నిస్సీ మూసుకున్న నోరు గుర్తొచ్చింది. బతుకంతా ఫారాలు నింపుతూనే ఉన్నాను, నావీ, వందల మంది పిల్లలవీ. తండ్రి పేరు అనే గడి దగ్గర నా చెయ్యి ఏనాడూ తడబడలేదు. అదే నాకు భయం వేసింది. ఎక్కడో ఒక కొండ ఊళ్లో, మట్టి కింద ఉన్న మనిషి మీద తెలుగులో ప్రార్థన చదివిందెవరని ఒక ముసలమ్మ అడిగితే, ఎవరూ లేరని చెప్పేవాణ్ని నేనే. రాయి మీద తడి అంచుల నుంచి ఆరుతూ లోపలికి వస్తోంది. శ్రీశైలం స్కేలు పెట్టి, అయిదో పేరును పైకి జరపడానికి గీత గీయబోయాడు.

"జరపకు," అన్నాను.

"ఎందుకు సార్?"

"పెన్సిల్ ఇటియ్యి."

"మీరు జెప్పుండ్రి, నేను రాస్త. నా రాత గుండ్రంగ ఉంటది."

"నేనే రాస్త."

మోకాళ్ల మీద కూర్చున్నాను. ప్యాంటుకు తెల్లపొడి అంటింది, బడికి ఇలాగే వెళ్లాలి. ఏలీయా అని రాశాను. పయనీర్ కంపెనీ, 1971. అక్షరాలు ఒకవైపు ఒరిగాయి.

శ్రీశైలం వంగి చదివాడు. "గీయన మీకేమైతడు సారూ?"

"మా బాపు."

శ్రీశైలం సుత్తి, ఉలి తీసుకుని రాయి ముందు కూర్చున్నాడు. బడికి వేళవుతోంది. మొదటి అక్షరం మీద మొదటి దెబ్బ పడేదాకా నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను.